చేయి యెరిగిన మాటలు, నాలుక యెరిగిన మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు స్పానిషు భాషాధ్యయనమును గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఇరువదియైదేండ్లు గ్రంథాలయము తలుపులు మూయక నిలుచుట సామాన్యమైన విషయము కాదు. గుడి కట్టిన యూరు ధూపదీపములకు లోటు రానీయదు; బడి పెట్టిన యూరికి ప్రభుత్వము కొంత తోడ్పడును. గ్రంథాలయమునకు మాత్రము ఊరివారి అభిమానమే ధూపము, అదియే దీపము. ఆ అభిమానమును పావు శతాబ్దము కాపాడినందులకు మిమ్ములను మనసార అభినందించుచున్నాను.

పరభాషలు నేర్చుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. అది సముద్రము వంటి విషయము. సముద్రమంతయు ఈదు శక్తి నాకు లేదు. మీకంత తీరికయు లేదు. కావున అందులో ఒక చిన్న పాయను మాత్రము ఎంచుకొంటిని. వస్తువును తాకినప్పుడు చేతికి తెలియు గుణమును, ఆహారమును నమలినప్పుడు నోటికి తెలియు గుణమును చెప్పు మాటలను స్పానిషు భాషలో ఎట్లు నేర్చుకొనవలెనన్నదే నేటి నా ప్రసంగ విషయము.

"స్పానిషుతో మన యూరికేమి పని?" యని కొందరికి తోచవచ్చును. ఆ భాష నేడు 20 దేశములలో అధికార భాష. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండ్లలో ఆ భాష మాటలాడువారు 4 కోట్లకు పైబడియున్నారు. మన తెలుగు బిడ్డలు వైద్యులుగను, నర్సులుగను, ఇతరోద్యోగులుగను ఆ దేశమున వేలకొలది యున్నారు. వారి యెదుట కూర్చుండు రోగి ఆంగ్లము రాని మెక్సికో వృద్ధురాలు కావచ్చును. అప్పుడామె నోట మొదట వచ్చునవి వ్యాకరణ సూత్రములు కావు; ఇక్కడ గట్టిగానున్నది, ఇక్కడ గరుకుగానున్నది, ఇది మింగుడు పడుట లేదు, అను మాటలే. కనుక ఈ విషయము వేడుకకు మాత్రమే గాదు, అవసరమునకును సంబంధించినది.

భాషా బోధినులలో రంగుల పేర్లు, అంకెలు, వారముల పేర్లు మొదటి పాఠములలోనే కనబడును. స్పర్శను చెప్పు మాటలు మాత్రము వెనుకబడును. దీనికి కారణము లేకపోలేదు. ఎరుపును కాగితముపై అచ్చువేసి చూపవచ్చును. ఐదును ఐదు చుక్కలతో చూపవచ్చును. గరుకును అచ్చువేసి చూపుటెట్లు? అది చేతికి తగిలిననే గాని తెలియదు. అందుచేత పుస్తకము మాత్రమే పట్టుకొని భాష నేర్చినవాడు వార్తాపత్రిక చదువగలిగియు, తాను తిన్న రొట్టె మెత్తగానుండెనో బిరుసుగానుండెనో చెప్పలేక తడబడును.

ముందుగా ఉచ్చారణను గూర్చి ఒక మాట. ఈ భాష మన చెవికి మిక్కిలి దగ్గరది. దానికి అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. పెక్కు పదములు అచ్చుతోనే ముగియును గనుక అజంత భాషకు అలవాటుపడిన మన నాలుకకు శ్రమ యుండదు. అందు రేఫలు రెండు: ఒకటి మన సాధు రేఫము వలె తేలికైనది, రెండవది నాలుక కొన పలుమార్లు అదరగా పుట్టునది. ఆ రెండవదానిని నేనిచ్చట మన శకటరేఫముతో చూపుదును. ఒక్క అక్షరమును మాత్రము స్పెయినులో పెక్కుమంది నాలుకను పండ్ల నడుమ నుంచి పలుకుదురు; అమెరికా ఖండమున దానినే 'స' యందురు. నేనిచ్చట అమెరికా ఖండపు ఉచ్చారణమునే అనుసరింతును.

ఇక మాటలలోనికి వత్తము. నునుపైనది 'లీసో', గరుకైనది 'ఆస్పెరో'. గాజుపలక లీసో, సున్నము వేయని గోడ ఆస్పెరో. ముడుతలు, గుంటలు, మిట్టలు గలిగి చేతికి ఎగుడుదిగుడుగా తగులునది 'ఱుగోసో'. చెట్టు బెరడును ఇట్లనవచ్చును. వడ్రంగి బల్లను నునుపుచేయు గరుకు కాగితమును ఆ భాషలో 'లీహా' యందురు. లీహా యనునది మొదట ఒక చిన్న జాతి సొరచేప పేరు. ఎండిన దాని చర్మముతో పూర్వము కొయ్యను, లోహమును మెరుగుపెట్టెడివారు. చేప పోయి కాగితము వచ్చినను పేరు నిలిచినది. ఒక పనివాని చేతి స్పర్శ ఒక పదములో ఇన్ని తరములు దాగియుండుట చూడుడు.

ఇప్పుడు తెలుగువాడు జాగ్రత్తపడవలసిన చోటు. మనము 'మెత్తన' యను ఒక్క మాటతో ఎన్నో పనులు గడుపుకొందుము. మెత్తని పరుపు, మెత్తని పండు, మెత్తని పిండి, మెత్తని మాట, మెత్తని మనసు. స్పానిషువాడు ఈ పనిని ముగ్గురికి పంచియిచ్చినాడు. పైపైన నిమిరినప్పుడు హాయిగా తగులునది 'స్వావే'. పసిబిడ్డ చర్మము, పట్టుబట్ట ఇట్టివి. మందమైన గాలికిని, ఘాటు లేని రుచికిని, నెమ్మదియైన కంఠమునకును ఇదే మాట చెల్లును. వ్రేలితో నొక్కిన లొంగునది 'బ్లాందో'. దిండు, మిగుల మగ్గిన పండు, మైనము ఇట్టివి. పంటికి సులువుగా తెగు మాంసము, అప్పుడే చేసిన రొట్టె, ముదురని కూర 'తియెర్నో'. ఈ మూడవ మాటకు మన 'లేత' కొంతవరకు సరిపోవును. లేత బెండకాయ యన్నప్పుడు మన మనసులో ఏమి మెదలునో తియెర్నో యన్నప్పుడు వారి మనసులో అదియే మెదలును. పసివారికిని, ప్రేమ నిండిన చూపునకును ఆ మాటనే వాడుదురు.

ఈ మూటికిని భేదము తెలియుటకు ఒక ఉపాయము కలదు. నిమిరి చూడుడు, నొక్కి చూడుడు, కొరికి చూడుడు. నిమిరినప్పుడు తెలిసినది స్వావే. నొక్కినప్పుడు తెలిసినది బ్లాందో. కొరికినప్పుడు తెలిసినది తియెర్నో. పిల్లి వీపు స్వావే యగును గాని తియెర్నో కాదు. ఉడికిన మాంసము తియెర్నో యగును గాని దానిని స్వావే యన్నచో వినువాడు రుచిలో ఘాటు లేదని తలచును.

నొక్కిన లొంగనిది 'దూరో'. రాయి దూరో, ఇనుము దూరో. నిలవయుండి గట్టిపడిన రొట్టె 'పాన్ దూరో'. స్పెయిను దేశమున 2002 వరకు చెలామణియైన పెసేతా నాణెములలో ఐదు పెసేతాల నాణెమును జనులు 'దూరో' యనియే పిలిచెడివారు. మన 'గట్టి' వలెనే ఆ మాటయు వస్తువునుండి మనిషికి ప్రాకి, కఠినుడైన యజమానికిని, కష్టమైన పనికిని వర్తించును.

వ్యాకరణమున రెండు మెలకువలు తెలిసిన చాలును. మన విశేషణము మారదు: మెత్తని రొట్టె, మెత్తని రొట్టెలు. వారి విశేషణము నామము యొక్క లింగ వచనములను అనుసరించి మారును; అదియు సాధారణముగా నామము వెనుక నిలుచును. గట్టి రొట్టె 'పాన్ దూరో', గట్టి రొట్టెలు 'పానెస్ దూరోస్', గట్టి ఆపిలుపండు 'మన్సానా దూరా', గట్టి బాదములు 'అల్మెంద్రాస్ దూరాస్'. ఎకారాంతమైన స్వావే వంటివి లింగమును బట్టి మారవు. వచనమును బట్టి మాత్రము మారును.

రెండవ మెలకువ మరింత లోతైనది. మనము 'ఉన్నది' యను చోట వారికి రెండు క్రియలు గలవు. వస్తువు యొక్క సహజ గుణమును చెప్పుటకు ఒకటి, దాని 'ఎస్'. ఇప్పుడున్న స్థితిని చెప్పుటకు మరియొకటి, 'ఎస్తా'. రాయి గట్టిది, అది దాని స్వభావము, అక్కడ 'ఎస్'. రొట్టె గట్టిపడినది, అది నేటి స్థితి, అక్కడ 'ఎస్తా'. వెన్నపండు కొనబోయిన మెక్సికో ఇల్లాలు పండును అరచేత పట్టి సుతారముగా నొక్కి చూచి, ఇంకను గట్టిగానున్నది యని చెప్పునప్పుడు 'ఎస్తా దూరో' యనును. ఎల్లుండికి మెత్తబడునను ఆశ ఆ క్రియలోనే యున్నది. స్పర్శను చెప్పు మాటలలో 'ఎస్తా'కే పని యెక్కువ. ఏలయన, వంటయింటిలోని ప్రతి వస్తువును నిమిషమునకు నిమిషము మారుచునే యుండును.

పద నిర్మాణమున ఆ భాషకొక తాళపుచెవి యున్నది. 'ఓసో' యను ప్రత్యయమును నామమునకు చేర్చిన, అది నిండుగా గలదని యర్థము వచ్చును. లాటిను భాషనుండి వచ్చిన సొత్తిది. 'అరేనా' ఇసుక, 'అరెనోసో' ఇసుక వలె పలుకులుగా తగులునది. 'అరీనా' పిండి, 'అరినోసో' పిండి పిండిగానుండునది, ఉడికిన చిలగడదుంప వంటిది. 'గ్రూమో' ఉండ, 'గ్రుమోసో' ఉండలు కట్టినది. 'ఎస్పోన్హా' స్పంజి, 'ఎస్పొన్హోసో' గుల్లగా పొంగినది. 'హూగో' రసము, 'హుగోసో' రసము నిండినది. 'ఫీబ్రా' పీచు, 'ఫిబ్రోసో' పీచు గలది. 'సేదా' పట్టు, 'సెదోసో' పట్టు వంటిది. ఒక నామము నేర్చిన ఒక విశేషణము ఊరక వచ్చుచున్నది. పన్నెండు నామములు నేర్చినవాడు ఇరువదినాలుగు మాటలకు యజమాని యగును. అరేనాకును అరీనాకును నడుమ ఒక్క అచ్చే భేదమని మాత్రము మరువరాదు. పిండి రొట్టెను ఇసుక రొట్టె యన్నచో వడ్డించిన తల్లి నొచ్చుకొనును.

'దీసో' యను మరియొక ప్రత్యయము సులభముగా ఒక దశకు లోనగు గుణమును చెప్పును. జారుట 'ఱెస్బలార్'; జారుడుగానున్నది 'ఱెస్బలాదీసో'. విరుగుట 'కెబ్రార్', పెళుసుగానున్నది 'కెబ్రాదీసో'. అంటుకొనుటకు 'పెగార్' యను క్రియ, జిగటగానుండునది 'పెగహోసో'. మనము విడువక వెంటబడువానిని జిడ్డు మనిషి యందుము గదా; అట్టివానికి వారును పెగహోసో యనియే పేరు పెట్టుదురు. చెవిని పట్టి విడువని పాటకును అమెరికా ఖండమున ఈ మాట వాడుకలోనున్నది.

ఇచ్చట మన భాష యొక్క గొప్పతనమును గూడ చెప్పక తప్పదు. ప్రత్యయములతో వారు చేయు పనిని మనము ధ్వనులతో చేయుదుము. కరకర, గరగర, పొడిపొడి, జిగటజిగట: ఈ మాటలు చెప్పినంతనే నోటిలో ఆ పదార్థమే యున్నట్లు తోచును. కరకరలాడుదానికి వారి మాట 'క్రుహ్యెంతే'. కిర్రుమనుట, కరకరమనుట యను నర్థముగల క్రియనుండి పుట్టినది. దక్షిణ అమెరికా దేశములలో 'క్రొకాంతే' యని గూడ విందుము. పలికి చూడుడు, రెండింటను పంటి క్రింద విరుగు చప్పుడు కొంత వినవచ్చును. శబ్దముతో స్పర్శను చెప్పు విద్య మనకే గాదు, వారికిని కొంత తెలియును.

ఇక వంటయింటిలోనికి పోదము. మనవలెనే అన్నము నెరిగినవారు స్పెయినులోని వలెన్సియా ప్రాంతమువారు. వారు అన్నపు వంటకములను తడిని బట్టి మూడు తెగలు చేయుదురు. మెతుకు మెతుకునకు అంటక పొడిగానుండునది 'సేకో'. చిక్కని రసముతో ముద్దగా కూడుకొనునది 'మెలోసో'. పలుచని రసములో మెతుకులు తేలునది 'కల్దోసో'. మెలోసో యనగా తేనెవంటిదని వ్యుత్పత్తి. అక్కడ తీపి యను నర్థము లేదు, తేనె జారు తీరే ఉద్దేశము. మెతుకు విడివిడిగానున్న 'స్వెల్తో', మితిమీరి ఉడికిన 'పసాదో'. వెడల్పాటి పెనములో వండు వారి 'పాఎల్యా'కు అడుగున ఎఱ్ఱగా కాలిన పొర యొకటి కట్టును. దానిని 'సొకఱ్ఱాత్' అందురు. మన ఇండ్లలో అన్నపు గిన్నె యడుగున గోకి తీసిన మాడుచెక్క కొరకు పిల్లలు పోట్లాడుకొన్నట్లే, అచ్చట పెద్దలు గూడ దాని కొరకు గరిటెలు చాచుదురు.

రొట్టె వారి నిత్యాహారము. దాని పై పెచ్చు 'కొర్తేసా'. చెట్టు బెరడునకును అదే పేరు. లోపలి మెత్తని భాగము 'మీగా'. ఒక విషయములో పైకి కనబడినదానికంటె లోపల సారమెక్కువ యున్నదని చెప్పవలెనన్న, దానికి మీగా యున్నదందురు. ఇరువురికి స్నేహము బాగుగా కుదిరిన, వారు మంచి మీగాలు చేసికొన్నారందురు. కోడిగ్రుడ్లతో ఉర్లగడ్డలతో చేయు 'తొర్తీయా' వంటకమును గూర్చి స్పెయినులో తరతరాల వాదమొకటి కలదు: లోపల కొంచెము తడిగా 'హుగోసా'గా నుండవలెనా, పూర్తిగా గట్టిపడి 'క్వహాదా'గా నుండవలెనా యని. పాలు తోడుకొనుటకును ఈ రెండవ మాట యొక్క క్రియనే వాడుదురు. అదే తొర్తీయా యన్న మాటకు మెక్సికోలో అర్థము వేరు. అక్కడ అది జొన్నరొట్టెను బోలిన మొక్కజొన్న రొట్టె. దేశము మారిన మాట మారకున్నను, చేతికి తగులు వస్తువు మారినది.

క్రిస్మసు పండుగకు స్పెయినులో బాదములతో తేనెతో 'తుఱ్ఱోన్' అను మిఠాయి చేయుదురు. అది ప్రధానముగా రెండు విధములు. అలికాంతే పేరిటిది బాదములు చెదరక గట్టిగా కట్టిన అచ్చు; అది దూరో. హిహోనా పేరిటిది బాదములను నూరి నూనె యూరునట్లు చేసిన మెత్తని ముద్ద, అది బ్లాందో. సామగ్రి ఇంచుమించు ఒకటియే, ఊళ్లును ఒకే మండలమునవి, భేదమంతయు స్పర్శలోనున్నది. వేరుసెనగ అచ్చును, నువ్వుల చిమ్మిలిని ఎరిగిన మనకు దీనిని వివరింప బనిలేదు.

పాకము సంగతి మరింత ఆశ్చర్యకరము. మన తల్లులు వ్రేళ్ల నడుమ సాగదీసి తీగపాకమందురు. నీళ్లలో వేసి ఉండకట్టిన ఉండపాకమందురు. స్పెయిను వంటవారును పాకమును సరిగా ఇట్లే పరీక్షింతురు. తీగ సాగు దశ 'పూంతో దె ఎబ్రా', అనగా దారపు దశ; ఉండ కట్టు దశ 'పూంతో దె బోలా', అనగా ఉండ దశ. ఒకరినుండి యొకరు నేర్చికొని యుండకపోవచ్చును. పాకము ఒకటియే, వ్రేళ్లు ఒకటియే, కావున మాటయు ఒకటియే యైనది.

చక్కెర విషయమున మాత్రము నిజమైన చుట్టరికమే యున్నది. సంస్కృతమున 'శర్కర' యనగా మొదట కంకర, ఇసుక పలుకు. పిదప ఆ పలుకును బోలిన తీపి పదార్థము. ఆ మాట పారసీకము మీదుగా అరబ్బీ భాషకు పోయి 'సుక్కర్' ఐనది. అరబ్బులు చెరకును స్పెయినుకు గొనిపోగా, మాటయు పంటతో ప్రయాణము చేసి 'అసూకర్' ఐనది. 1493లో కొలంబసు తన రెండవ యాత్రలో చెరకును కరీబియను దీవులకు చేర్చినాడు. మన చక్కెరయు, వారి అసూకరును ఒక్క కంకరరాతినుండి పుట్టిన తోబుట్టువులు. చేతికి గరగరలాడిన ఒక స్పర్శ ఖండములు దాటినది. మన నారింజయు వారి 'నరాన్హా'యు అట్టి చుట్టములే.

స్పానిషువారు అమెరికా ఖండమునకు పోయినప్పుడు అచ్చటి స్పర్శలకు తమ భాషలో పేర్లు చాలలేదు. మెక్సికోలోని నహువా ప్రజల భాషనుండి వారు ఎన్నో పదములు తీసికొనిరి. ఒక చెట్టు పాలనుండి తీసి నమలు బంకకు ఆ ప్రజల మాట 'త్సిక్త్లి'. అది స్పానిషున 'చీక్లె' ఐనది. ఆపై ఓసో ప్రత్యయము చేరి, సాగుచు పండ్లకంటుకొను మిఠాయికి మెక్సికోలో 'చిక్లోసో' అను విశేషణమైనది. మనము కంచెలలో చూచు నాగజెముడు జాతి మొక్క అచ్చట 'నొపాల్' అను కూర. ముండ్లు చెక్కి కోసిన, బెండకాయ వలె జిగురు కారును. ఆ జిగురు 'బాబా', అట్టి గుణము గలది 'బబోసో'. ఈ మాటను కూరకు వాడుడు, మనుష్యులకు వాడకుడు. మనిషిని బబోసో యన్నచో మెక్సికోలో మూర్ఖుడా యని తిట్టినట్లగును.

ఇంతవరకు చెప్పినది వినోదమువలె తోచియుండవచ్చును. ఇప్పుడు ఈ మాటల బరువెంతటిదో చెప్పెదను. వైద్యుడు రోగి పొట్టను అరచేతితో నొక్కి చూచి చీటీలో వ్రాయు స్పానిషు వాక్యములలో మిక్కిలి తరచైనది, పొట్ట 'బ్లాందో', నొక్కిన అణగుచున్నది, యనునది. ఆ ఒక్క మాటతో చుట్టునున్నవారి గుండె కుదుటపడును. దానికి విరుద్ధముగా పొట్ట బల్లవలె నున్నదని, 'వియెంత్రె ఎన్ తాబ్లా' యని వ్రాసిన, లోపల ప్రేగు చిల్లుపడియుండవచ్చును, శస్త్రచికిత్సకు త్వరపడవలెనని యర్థము. రొట్టెను గూర్చి నేర్చిన మాటయే ఇచ్చట ప్రాణమును గూర్చి చెప్పుచున్నది.

మరియొకటి. పక్షవాతము వచ్చిన పెద్దలలో పలువురికి మింగు శక్తి తగ్గును. అట్టివారికి పలుచని మంచినీరే ప్రమాదము. అది దారితప్పి ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా కలిగింపవచ్చును. అందుచేత నీటిని ఒక పొడితో చిక్కపరచి యిత్తురు. ఎంత చిక్కన? స్పెయిను ఆసుపత్రులలో చిరకాలముగా వాడుకలోనున్న మెట్లు మూడు: 'నెక్తార్', 'మియెల్', 'పుదీన్'. మొదటిది చిక్కని పండ్లరసమువలె జారునది. రెండవది తేనెవలె మెల్లగా కారునది. మూడవది చెంచాతో తీయవలసిన ముద్ద. 2013లో ఏర్పడిన ఒక అంతర్జాతీయ సంఘము, భాషాభేదములచేత పొరపాటు రాకుండుటకై సున్న మొదలు ఏడు వరకు ఎనిమిది అంతస్తులు నిర్ణయించినది. అంకెలు వచ్చినను ఇంటిలో వృద్ధునికి గిన్నె అందించు కోడలికి కావలసినది మాటయే. తేనెవలె కలుపుమన్నదానిని ఆమె పండ్లరసమువలె కలిపిన, ఆ గుక్కయే ఆపద కావచ్చును. స్పర్శను తెలుపు మాటలు అలంకారములు కావనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కన్ను లేనివారికి ఈ మాటలే లోకము. స్పెయినులో అంధుల జాతీయ సంస్థ 1938లో ఏర్పడినది. ఆ సంస్థ 1992లో మాడ్రిడు నగరమున ఒక వస్తుప్రదర్శనశాలను తెరచినది. ప్రసిద్ధ కట్టడముల నమూనాలను అచ్చట చేతితో తడిమి చూడవచ్చును. ప్రదర్శనశాలలలో 'తాకరాదు' అను బల్ల కట్టుట ఆచారము. అచ్చట తాకుటయే చూచుట.

ఇక ఈ మాటలను నేర్చు విధానము. ఫ్రాన్సు దేశీయుడైన సెగ్యాఁ యను విద్యావేత్త కనిపెట్టగా, ఇటలీ దేశపు విదుషి మరియా మాంటిస్సోరి తన పాఠశాలలలో వ్యాప్తికి తెచ్చిన మూడు మెట్ల పాఠమొకటి కలదు. ఆమె 1907లో రోమునగరమున తన మొదటి శిశుగృహమును తెరచినది; 1939లో మన మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ యొసగినది. నునుపు గరుకు పలకలను పిల్లల వ్రేళ్లకు అందించి ఆమె నేర్పిన పద్ధతి పెద్దలకును పనికివచ్చును. మొదటి మెట్టు: గరుకు కాగితమును తాకించి, ఇది ఆస్పెరో, యని చెప్పుట. రెండవ మెట్టు: పలు వస్తువులు ముందుంచి, ఆస్పెరో ఏది, తీసి యిమ్ము, అనుట. మూడవ మెట్టు: వస్తువును చేతికిచ్చి, ఇదేమి, యని యడుగుట. రెండవ మెట్టున తప్పినవానిని మూడవ మెట్టునకు ఎక్కింపరాదు. మందలింపక మరల మొదటికి రావలెను.

దీనికి ధనము పనిలేదు. ఒక అట్టపెట్టెలో పిడికెడు దూది, గరుకు కాగితపు ముక్క, గాజు పలక, కొబ్బరిపీచు, పట్టుగుడ్డ పేలిక, ఎండిన బెరడు, మైనము, స్పంజి ముక్క ఉంచుడు. దూదిని వారు 'అల్గొదోన్' అందురు. అదియు అరబ్బులిచ్చిన మాటయే. కన్నులు మూసికొని ఒక్కొక్కటి తీసి పేరు, గుణము చెప్పుడు. వంటయింటిలో అప్పడము విరిచినప్పుడు క్రుహ్యెంతే యనుడు. బెండకాయ తరిగినప్పుడు బబోసో యనుడు. దినమునకు మూడు మాటలు చాలును. నెలకు తొంబది యగును. జాబితా బట్టీపట్టినవాడు పరీక్ష దాటగనే మరచును. వ్రేళ్లతో నేర్చినవాడు అంత త్వరగా మరువడు.

గ్రంథాలయ సభలో ఈ విషయమును ఎంచుకొనుటకు నాకు మరియొక కారణమున్నది. స్పానిషు మాటలకు గొప్ప నిఘంటువు వ్రాసినవారిలో ఒకరు గ్రామ గ్రంథాలయములకు సేవచేసిన స్త్రీ. ఆమె పేరు మరియా మొలినేర్. 1900లో సరగోసా మండలమునందలి పనీసా యను ఊరిలో పుట్టినది. 1931లో స్పెయిను ప్రభుత్వము నెలకొల్పిన ప్రజావిద్యా సంస్థ ఐదారేండ్లలో ఐదువేలకు పైగా గ్రామములకు చిన్న చిన్న గ్రంథాలయములను పంపినది. ఆ కార్యమున ఈమె వలెన్సియా ప్రాంతపు పల్లెలు తిరిగి పనిచేసినది. 1937లో చిన్న గ్రంథాలయముల నిర్వహణకు ఒక సూచనల పుస్తకము కూర్చినది. గ్రంథాలయాధికారి రెండింటిని నమ్మవలెనని అందామె బోధ: తాను సేవించు జనులు ఎదుగగలరని, తన పని అందుకు తోడ్పడగలదని. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువపై పడవలో పుస్తకములు పెట్టి పల్లెలకు పంపిన సంగతి మీరెరుగుదురు. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరును ఒకే దశాబ్దమున ఒకే నమ్మకముతో నడచినారు.

1939లో అంతర్యుద్ధము ముగియగా, క్రొత్త ప్రభుత్వము ఆమె ఉద్యోగపు స్థాయిని తగ్గించినది. ఆ సుశిక్షితురాలు ఒక సాంకేతిక విద్యాలయపు గ్రంథాలయమున పని చూచుకొనుచు, ఇంటివద్ద తీరిక వేళలలో పదునైదేండ్లు శ్రమించి, వాడుకభాషా నిఘంటువును 1966, 1967 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువరించినది. మాటకు అర్థము చెప్పి యూరకుండక, దాని బంధువర్గమును గూడ అచ్చటనే పేర్చుట ఆమె పద్ధతి. భావము తెలిసి మాట తెలియనివాడు గూడ వెదకి పట్టుకొనవలెనని ఆమె కోరిక. 1972లో స్పానిషు అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనలేదు. 1713లో పుట్టిన ఆ సంస్థకు 1978 వరకు ఒక్క స్త్రీయు ఎన్నిక కాలేదు. ఆమె 1981లో కన్నుమూసినది. పీఠము దక్కకపోయినను, స్పానిషు వ్రాయువారి బల్లపై ఆమె పుస్తకము నేటికిని నిలిచియున్నది.

సభ్యులారా, మీకు నా విన్నపమొక్కటియే. ఈ గ్రంథాలయమున ఒక స్పానిషు నిఘంటువు నుంచుడు. దాని ప్రక్కన నేను చెప్పిన అట్టపెట్టె నుంచుడు. ఇంకొక పని గూడ చేయుడు. మన తల్లులకు, రైతులకు, వడ్రంగులకు, నేతగాండ్రకు తెలిసిన తెలుగు స్పర్శపదములను ఒక పుస్తకములో వ్రాయించుడు. బరక, బిరుసు, పెళుసు, గుల్ల, పలుకు, చెమ్మ, జిడ్డు వంటివి పెద్దల నోట ఎన్ని యున్నవో లెక్క తేల్చినవారు లేరు. ఆ పెద్దలు పోయిన పిమ్మట తేల్చుటకు వీలును లేదు. తన భాషలో గరుకునకును బరకకును భేదమెరుగనివాడు పరభాషలో ఆస్పెరోకును అరెనోసోకును భేదమెట్లు గ్రహించును? పరాయి మాట నేర్చుటకు మన మాటయే తొలి మెట్టు.

మీ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకము నిండియుండుగాక.